దంతాలపల్లి మీదుగా కేరళ టీచర్

తెలంగాణ కోసం జరిగే బందులతో, ధర్నాలతో మన పిల్లల ఇంగ్లీషు చదువు నాశనమైపోయిందని హైదరాబాద్‌లో ఉన్న మా బంధువులు ఫోన్లు చేసి మరీ బాధపడుతున్నారు. "పాపం, మీ వైపు బడుల్లో ఇంగ్లీషు చెప్పే కేరళ టీచర్లంతా గొడవలకు భయపడి వెళ్లిపోయారట గదా!" అని మా ఆడపడుచు ఒకటే నిట్టూర్పులు. ఈ కథలో రెండు అబద్ధాలున్నాయి. మొదటిది, ఒక వస్తువు నాశనం కావాలంటే ముందు అది ఉండాలి. నేను చాలా ఏళ్లుగా జనగామలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడు, తనకు జ్వరం వచ్చిందని ఇంగ్లీషులో చెప్పడం చేతకాక, జ్వరంతోనే గంటసేపు నా క్లాసులో కూర్చున్నాడు. అప్పుడు ఏ బందూ లేదు. రెండోది, కేరళ టీచర్లంతా వెళ్లిపోయారన్నది కూడా తప్పే. ఒకామెను నేనే స్వయంగా భూపాలపల్లిలో దింపి వచ్చాను. ఆమె సొంతూరు దంతాలపల్లి పక్కన ఒక తండా.

జనగామ

ఆ కేరళ టీచర్ పేరు బానోతు జ్యోతి. నా దగ్గరే డిగ్రీ చదివింది, తర్వాత టీచర్ ట్రైనింగ్ చేసింది. ఇంట్లో లంబాడీ, బడికొచ్చాక తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు. ఇంగ్లీషు మనకు రెండో భాష అంటారు గాని, అలా లెక్క పెట్టినవాళ్లు తండాకు వెళ్లి లెక్క పెట్టినట్టు లేదు.

ఉద్యోగం కోసం జ్యోతి జనగామలో మూడు ప్రైవేటు బడులకు వెళ్లింది. మూడుచోట్లా ఇంగ్లీషు బాగుందన్నారు. తర్వాత తెలుగులో నాలుగు మాటలు మాట్లాడించి, ముసిముసిగా నవ్వుకొని, "ఏ తండా మీది?" అని అడిగి, కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది.

భూపాలపల్లి బడి యజమాని మాత్రం ఫోన్లోనే సగం ఖాయం చేశాడు. మన దగ్గర బడి యజమానిని కరస్పాండెంటు అంటారు. ఆయన బడి గోడ మీద 'కేరళ టీచర్లచే బోధన' అని రాసి ఉంది. ఆ కేరళ టీచర్లు బందులు చూసి రైలెక్కారు. పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి. గోడ మీది రాత చెరిపితే ఫీజులు రావు. అందుకని ఆయనొక ఉపాయం కనిపెట్టాడు. జ్యోతి మా ఇంట్లో కూర్చొని ఫోన్ స్పీకర్ పెట్టి నాకు వినిపించింది.

"సూడమ్మా, నువ్వు తెలుగు ఒక్క ముక్క మాట్లాడొద్దు. పిల్లలతోని ఇంగ్లీషు మాట్లాడు. తల్లిదండ్రులు ఎదురువడితె మీ లంబాడి మాట్లాడు. మావోళ్లకు మలయాళమేందో లంబాడేందో ఏం ఎర్క? పేరు లిస్సీ అని చెప్పు. శనివారం పేరెంట్ల ముంగట ఒక పాఠం చెప్పి ఒప్పియ్యి. కేరళోళ్లకిచ్చే జీతమే ఇస్త."

ఫోన్ పెట్టేశాక నేను నోరు తెరిచాను. నేను నోరు తెరిస్తే మా ఆయన టీవీ కట్టేస్తాడు. రెండూ ఒకేసారి వినలేనంటాడు.

"ఏంది జ్యోతీ ఇది? పేరు తీసి పక్కకు పెట్టుమంటున్నడు, ఊరు తీసి పక్కకు పెట్టుమంటున్నడు. నీకు మంచిగనే అనిపిస్తుందా?"

"తెలుగు మాట్లాడొద్దన్నడు గద మేడం, నాకైతె పానం నిమ్మళమైంది. నేను తెలుగు మాట్లాడితె అందరు నవ్వుతరు. ఇంగ్లీషు మాట్లాడితె ఎవ్వరు నవ్వరు. నవ్వాల్నంటె వాళ్లకు రావాలె గద."

సినిమాల్లో మన మాటను రౌడీల నోట్లో, పనివాళ్ల నోట్లో పెట్టి ఏళ్ల తరబడి నవ్వుకున్నారని దీక్షా శిబిరాల్లో మనం గొంతు చించుకుంటున్నాం. న్యాయమైన కోపమే. శిబిరంలోంచి లేచి ఇంటికి పోయి, తండా పిల్ల తెలుగు విని మనం నవ్వుతాం. నవ్వు కూడా రిలే దీక్షలాంటిదే అన్నమాట. ఒకరు లేస్తే ఆ చాప మీద ఇంకొకరు కూర్చుంటారు.

ఈ ఉద్యోగం రాకపోతే జ్యోతికి ఉన్న దారి ఒక్కటే. సోమవారం కూలీలను తీసుకుపోయే మేస్త్రీ బండి వస్తుంది. తండాలో సగం మంది కోస్తా మిరపతోటలకు పోతారు. తల్లితో పాటు ఆమె కూడా కాయ ఏరడానికి పోవాలి. బస్సులు లేవు, ఒంటరి ఆడపిల్ల, తోడు రమ్మని అడిగింది. మా కాలేజీ ఎలాగూ మూతపడే ఉంది. సగం తోడుకు, సగం ఆ కరస్పాండెంటుతో పోట్లాడేందుకు బయలుదేరాను.

లింగాల ఘనపూర్

మా వరంగల్లు జిల్లాలో ఘనపూర్లు ఒకటి కాదు. మేం పోవాల్సింది వరంగల్ రోడ్డు మీద రైలు ఆగే ఘనపూర్‌కు. చౌరస్తాలో ట్రాలీ ఆటో కనిపిస్తే "ఘనపూర్ పోతదా?" అని చదువుకున్న దర్జాతో అడిగాను. పోతదన్నాడు. వెనకాల ఉల్లిగడ్డ సంచుల మధ్య, పైన కప్పిన తాడిపత్రి పట్టా కింద కూర్చొని జ్యోతితో వాదులాటలో పడ్డాను. తాడిపత్రి తీసి చూస్తే లింగాల ఘనపూర్‌లో ఉన్నాం. దిక్కే వేరు.

"నువ్వు ఘనపూర్ అన్నవ్, నేను ఘనపూర్ దెచ్చిన. గండ్ల నా తప్పేముందక్కా?" అన్నాడు ఆటో అతను. ఇరవై రూపాయలూ అతని చేతిలో పెట్టి దిగాను.

దిగిన చోటే రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఇది ఉద్యమం పుట్టించిన కొత్త ఆచారం. రోడ్డు మధ్యలో రాళ్లు పెట్టి, పొయ్యి వెలిగించి, ఊరంతా అక్కడే వండుకొని అక్కడే తింటారు. బండ్లు ఆగిపోతాయి. ఆగిన బండ్లలోని వాళ్లు కూడా తింటారు. మా జనగామ శిబిరంలో వకీళ్లు హోటల్ నుంచి పులిహోర పొట్లాలు తెప్పించుకొని దాన్నే వంటావార్పు అంటున్నారు. లింగాల ఘనపూర్‌లో నిజంగా వండుతున్నారు. పెద్ద గంజుల్లో అన్నం, వంకాయ కూర, పప్పుచారు. పుణ్యానికే. ఒక్క నినాదం ఇస్తే చాలు.

ఆ నినాదం దగ్గరే చిక్కొచ్చింది. రోడ్డుకు కాపలా ఉన్న ఒకాయన మా దగ్గరికొచ్చాడు.

"జై తెలంగాణ అనుండ్రి, పోయి కూసోండ్రి."

నేను అన్నాను. జ్యోతి అనలేదు. శనివారం దాకా నోట్లోంచి తెలుగు రానీయొద్దని, అలవాటు కోసం, జనగామ దాటగానే తెలుగుకు నోరు కట్టుకుంది, ఆటోలో నాతో వాదించింది కూడా ఇంగ్లీషులోనే.

"గామె అనలే. గామెతోని అనిపియ్యి."

"ఆమె గొంతు బాగలేదు" అన్నాను.

"గొంతు బాగలేకనా, మనసుల లేకనా? యే ఊరామె? ఆంధ్రామెనా?"

చుట్టూ నలుగురు చేరారు. దంతాలపల్లి పిల్లను ఆంధ్రామె అనుకుంటున్నారు. ఇంకో రెండు నిమిషాలు ఆగితే మా ఇద్దరికీ వంకాయ కూర దక్కేలా లేదు. నేను జ్యోతి భుజం మీద ఒక్కటి చరిచాను. "జై తెలంగాణ!" అని ఆమె అరిచిన అరుపుకు గంజు దగ్గర కూర్చున్న కాకులు లేచిపోయాయి. వడ్డిస్తున్న ముసలామె గంటె పట్టుకొని అలాగే చూసింది.

"గింత గొంతు వెట్టుకోని గిప్పటిదాంక దాసుకున్నవేంది బిడ్డా?"

విస్తర్లో కూర రెండోసారి వేస్తూ, మేం ఇంగ్లీషు టీచర్లమని తెలుసుకొని, ఆమె తన మనుమడి సంగతి చెప్పింది. "మా పోరడు గూడ గా కాన్వెంటుకే పోతడు. ఇంగ్లీషు గడగడ సదువుతడు. గదేందిరా అంటె, 'నాకేమెర్క, సదువుమన్నరు' అంటడు."

"మరి మీరు సారును అడగలేదా అవ్వా?"

"అడిగిన. సారు గూడ గదే అన్నడు."

దంతాలపల్లి పక్క తండా

వెనక్కి పోవాలంటే వరంగల్ రోడ్డంతా బందు. దిక్కు తప్పినవాళ్లం తప్పినట్టే పోదామని పాలకుర్తి, తొర్రూరు మీదుగా, దొరికిన ప్రతి బండీ ఎక్కి, ఎండ వాలేసరికి జ్యోతి వాళ్ల తండాకు చేరాం.

జ్యోతి తల్లి కమ్లి. మేం వెళ్లేసరికి వాకిట్లో జొన్నరొట్టెలు కాలుస్తోంది. వాళ్లు బాటి అంటారు. మా జనగామ ఇళ్లలో సాయంత్రం పిండి ముట్టామంటే బియ్యప్పిండితో సర్వపిండి చేస్తాం, గిన్నెకు అంటించి నూనె పోసి కాలుస్తాం. ఇక్కడ నూనె లేదు, గిన్నె లేదు. అరచేతుల మధ్యే రొట్టె పుడుతుంది. తోడుగా పచ్చిమిరపకాయ నూరిన కారం. ఒక ముక్క తిన్నాను. కళ్లనీళ్లు కారిపోయాయి. నా చుట్టూ కూర్చున్న పిల్లలకు అంత వినోదం ఎన్నడూ దొరికినట్టు లేదు.

అక్కడ అందరూ లంబాడీలో మాట్లాడుకుంటుంటే నేను మొద్దులా కూర్చున్నాను. జ్యోతి తెలుగు ఒట్టు ఇంకా వదల్లేదు. అందుకని వాళ్లమ్మ లంబాడీలో చెప్పినదాన్ని నాకు ఇంగ్లీషులో చెప్పింది. నేను ఇంగ్లీషులో అడిగితే వాళ్లమ్మకు లంబాడీలో చెప్పింది. నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను చెప్పిన ఇంగ్లీషు ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య నిజంగా పనికొచ్చింది ఆ వాకిట్లోనే. మేమిద్దరం మాట్లాడుకుంటున్నది కమ్లి ఇంటి కష్టం గురించి కాకుండా ఇంకేదైనా అయ్యుంటే సంతోషించేదాన్ని కూడా.

కొంతసేపటికి కమ్లికే విసుగొచ్చింది. ఆమెకు తెలుగు బాగానే వచ్చు.

"గీ పిల్లకేం పుట్టింది మేడం? నేను తెలుగుల చెప్త. నా చేతులు సూడుండ్రి." చూపించింది. వేళ్ల చివర్లు పగిలి, నల్లబడి ఉన్నాయి. "మిర్చి ఏరి ఏరి. రాత్రి పండుకునేటప్పుడు మండుతయి, పిండి రాసుకుంటం. పోయినేడు గిదిగూడ ఏరింది. ఇగ ఏరదంట. దీని పేరు గూడ రాసుకోన్నా అని మేస్త్రీ అడిగిండు. శనివారం దాంక ఆగుమన్న. గంతకంటె ఆగడు."

"ఉద్యోగం వస్తుందిలే అమ్మా" అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే చిరాకేసింది. పోట్లాడటానికి బయలుదేరినదాన్ని, దీవించడానికి కాదు.

"కేరళ ఎక్కడుంటది మేడం? మిర్చితోటల కన్న దూరమా?"

"చాలా దూరం."

"అయితె మంచిదే" అంది కమ్లి. "గంత దూరం పోకుండనే గంత దూరం నుంచి వచ్చినట్టు చేస్తున్నడు. గా బడి సారు షాణ మనిషే, తెల్విమంతుడు."

మానుకోట

రైలు టిక్కెట్టు మీద మహబూబాబాద్, మనుషుల నోట్లో మానుకోట. మర్నాడు పొద్దున ఆటోలో స్టేషన్ దగ్గర దిగి బజారు దాకా నడిస్తే బట్టల దుకాణాల కంటే ఇంగ్లీషు బడుల బోర్డులే ఎక్కువ కనిపించాయి. జనగామలో 'కాన్వెంట్' అని రాస్తే సరిపోతుంది. మానుకోటలో పక్కన 'కేరళ స్టాఫ్' అని కూడా రాయాలి. కేరళలో పిల్లలు ఇంట్లో మలయాళం మాట్లాడతారనీ, ఇంగ్లీషు వాళ్లూ మనలాగే బడిలో నేర్చుకుంటారనీ టీ కొట్టు దగ్గర ఒకాయనకు వివరించబోయాను. ఓపికగా విన్నాడు.

"అది సరే అక్కా. గని వాళ్లకు తెలుగు రాదు గద?"

"రాదు."

"మరింకేంది!" అన్నాడు.

అంటే తెలుగు రాకపోవడమే ఇంగ్లీషు వచ్చినట్టు లెక్క. ఆ లెక్కన మా ఇంటి ఎదురుగా ఉన్న గేదె కూడా ఇంగ్లీషు టీచరే. టీ అయిదు రూపాయలు, జనగామ కంటే ఒక రూపాయి ఎక్కువ. పాలు మాత్రం తక్కువ.

కరస్పాండెంటు మళ్లీ ఫోన్ చేశాడు. కేరళ వాళ్లు కట్టే చీర కట్టుకు రమ్మన్నాడు: తెల్లటిది, బంగారు అంచుది. దుకాణంలో అడిగాం. దుకాణందారు నన్ను చూశాడు, జ్యోతిని చూశాడు, ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఎవలు పోయిండ్రక్కా?"

"ఎవరూ పోలేదు. కేరళ చీర కావాలి."

"తెల్లది తీసి సూపిస్త. గని ఆడపిల్లకు గీ వయసుల తెల్లచీర వద్దక్కా. పసుపు అంచుదన్న తీస్కో."

చివరికి మూడువందల యాభైకి ఒకటి తీసుకున్నాం. దాంతోపాటు ఆయన జ్యోతికి కుంకుమ పొట్లం ఒకటి ఊరికే ఇచ్చాడు, ఎందుకైనా మంచిదని. ఆయన భయం ఆయనది.

ములుగు అడవి దారి

నర్సంపేట దాకా ఏదో ఒకటి దొరికింది. అక్కడి నుంచి భూపాలపల్లికి ఖాళీగా తిరిగిపోతున్న బొగ్గు లారీ. ఆ దారిలో మోదుగులు విరగబూసి ఉన్నాయి. వర్ణించమంటే వర్ణిస్తాను గానీ, లారీ కుదుపులకు నేను చూసిన మోదుగు చెట్లన్నీ రెండేసి కనిపించాయి.

డ్రైవరు కేబిన్‌లో ముగ్గురికే చోటు. సంచులు వెనకాల బొగ్గు తొట్టిలో పడేశాడు. ఘనపూర్‌లో (ఇది ములుగు అవతల ఘనపూర్, ఈసారి రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను) టీ తాగడానికి ఆగినప్పుడు చూసుకుంటే సంచి విప్పుకొని ఉంది. కేరళ చీర బొగ్గుమసిలో దొర్లి దొర్లి, కేరళ దాటి ఎక్కడికో పోయింది.

"ఉతికితె పోతది" అన్నాడు డ్రైవరు.

"చీర పోతదా, మసి పోతదా?" అన్నాను.

జ్యోతి నవ్వింది. జనగామ వదిలాక మొదటిసారి గట్టిగా నవ్వింది. తర్వాత వెంటనే దిగులు పడింది. చేతిలో ఉన్నది మామూలు నీలం చీర. రేపే శనివారం.

భూపాలపల్లి

బొగ్గు బావుల పట్నం. ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. హోటల్లో ఒక బల్ల దగ్గర ఉర్దూ, ఒక బల్ల దగ్గర హిందీ, ఇడ్లీతో మూడు రకాల చట్నీలు. మా జనగామలో ఒక చట్నీ వేసి రెండోసారి అడిగితే మొహం చూస్తారు. ఇన్ని భాషల మధ్య లంబాడీని మలయాళంగా అమ్మవచ్చని కరస్పాండెంటు అనుకోవడంలో వింతేమీ లేదనిపించింది.

బడికి ఎదురుగానే దీక్షా శిబిరం. శనివారం పొద్దున మేం వెళ్లేసరికి మైకులో ఒకాయన గొంతు ఖంగుమంటోంది: "మన కొలువులు మనకే గావాలె! బయటోళ్లు వచ్చి మన నోటికాడి బుక్క గుంజుకుంటుండ్రు!" చప్పట్లు. ఆ గొంతు ఎక్కడో విన్నానే అనుకుంటుండగా ఆయన మైకు పక్కవాడికిచ్చి, మెడలో కండువా సర్దుకుంటూ రోడ్డు దాటి మా దగ్గరికొచ్చాడు.

"లిస్సీ మేడమేనా? రాండ్రి రాండ్రి. తెల్లచీరేదమ్మా?"

అవును, కరస్పాండెంటే. శిబిరానికి వేసిన షామియానా కూడా ఆయనదేనట. నేను పోట్లాట మొదలుపెట్టబోయాను. జ్యోతి నా చెయ్యి నొక్కింది. పాఠం అయ్యేదాకా ఆగుదామని ఊరుకున్నాను.

రెండో తరగతి గది. ముందు పిల్లలు, వెనక పేరెంట్లు, గోడకానుకొని నేను. జ్యోతి రెండు గాజు గ్లాసులు, ఒక చెంబు నీళ్లు బల్ల మీద పెట్టింది. ఒక గ్లాసు నింపి "ఫుల్" అంది. రెండోది బోర్లించి చూపించి "ఎంప్టీ" అంది. ఒక పిల్లను పిలిచి నీళ్లు పొయ్యమంది. పిల్ల ఒలకబోసింది. జ్యోతి కోప్పడలేదు, గ్లాసు ఎత్తి పట్టుకొని పిల్లలను చూసింది. "ఎంప్టీ!" అని గదంతా అరిచింది. తన గుప్పిట చూపి అడిగింది, తెరిచి చూపింది, "ఎంప్టీ!" ఒకడు లేచి, పక్కవాడి జేబులో చెయ్యి పెట్టి, బటాణీలు బయటికి తీసి "ఫుల్!" అన్నాడు. పక్కవాడు ఏడ్చాడు. ఏడుస్తూనే, జేబు లాగి చూపించి, "ఎంప్టీ టీచర్!" అని ఫిర్యాదు చేశాడు. ఒక్క తెలుగు ముక్క లేకుండా గది గదంతా ఇంగ్లీషులో జగడమాడుకుంటోంది. నా డిగ్రీ పిల్లలు గుర్తొచ్చి అసూయ కలిగింది.

పేరెంట్ల ముఖాలు విచ్చుకున్నాయి. ఒకాయన అడిగాడు: "మీ ఊరేడనమ్మా?"

జ్యోతి వాళ్లవైపు తిరిగి లంబాడీలో రెండు మూడు వాక్యాలు చెప్పింది. కరస్పాండెంటు అందుకున్నాడు.

"ఎర్నాకులం దగ్గరనట. పిల్లలను కడుపుల వెట్టుకోని సూసుకుంటనంటుంది."

అందరూ తలలూపారు. వెనక వరసలో ఒకావిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఊగిపోతోంది. బావి కార్మికుడి భార్య. కట్టూ బొట్టూ అన్నీ అందరిలాగే ఉన్నాయి. నవ్వు ఆపుకోలేక చివరికి లేచి, లంబాడీలో జ్యోతిని ఏదో అడిగింది. జ్యోతి ఒక్కసారి నావైపు చూసింది. మెల్లిగా జవాబు చెప్పింది. ఆవిడ ఇంకో మాట అడిగింది. జ్యోతి దానికీ చెప్పింది.

కరస్పాండెంటుకు ముచ్చెమటలు పోశాయి. కాని గట్టివాడు.

"సూసిండ్రా!" అన్నాడు. "మన బడి పేరెంటుకు మలయాళం గూడ వస్తది!"

"మలయాళం కాదు సారూ" అంది ఆవిడ తెలుగులో. "మా ఇంట్ల మాట్లాడుకునేది గిదే. నేను గీ పక్క తండాలనే పుట్టిన. గీ పిల్ల దంతాలపల్లి పిల్ల. ఎర్నాకులం అన్లేదు సారూ, 'గీయన ఏం చెప్పినా నమ్మొద్దు, నాకు పాఠం చెప్పవస్తది, గది సూడుండ్రి' అన్నది."

పక్కనున్న ఆడవాళ్లు జ్యోతిని కాదు, ఆవిడను నోరు తెరుచుకొని చూశారు. "ఇన్నేండ్ల సంది పక్కపక్కన ఉంటున్నం, నువ్వు లంబాడోళ్లామెవని ఎన్నడు చెప్పకపోతివి!" అంది ఒకామె.

"చెప్తె నీ వాకిట్ల కూసోనిస్తుంటివా?" అంది ఆవిడ, నవ్వు ఆపకుండానే.

అప్పుడు ఒక తండ్రి లేచాడు. పొద్దున శిబిరంలో ముందు వరసలో చేతులెత్తి చప్పట్లు కొట్టిన మనిషే. "గిదేంది సార్? కేరళ టీచరని ఫీజు గట్టిపిచ్చుకుంటివి. గీమె మనామెనేనా?"

ఇక నావల్ల కాలేదు. "మనామెనే అన్నా. పొద్దుగాల మన కొలువులు మనకే అని చేతులెత్తింది నువ్వే గద? తీస్కో, మనామె వచ్చింది."

"గవి సర్కారు కొలువులక్కా" అన్నాడు, నాకు లోకం తెలియదన్నట్టు. "పిల్లల సదువు వేరే ముచ్చట."

ఆ మాటకు గదిలో మగవాళ్లంతా సరేనన్నట్టు తలూపారు. జ్యోతి గ్లాసులు సర్దడం మొదలుపెట్టింది. సోమవారం బండి ఆమె కళ్లలో కనిపిస్తూనే ఉంది. బటాణీలు పోయినవాడి తల్లి లేచింది.

"మీ ముచ్చట్లు మీరు టెంటుల పెట్టుకోండ్రి. మా పోరడు గీ బడిల చేరినంక క్లాసుల నోరు తెర్సుడు ఇయ్యాల్నే మొదటిసారి. నాకు గీమెనే గావాలె."

లంబాడీ ఆవిడ చెయ్యెత్తింది. ఆమె పక్కనున్న ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకొని ఎత్తారు. మగవాళ్లు గొణుక్కుంటూ బయటికి పోయారు, శిబిరంలో టీ వచ్చిందని.

కరస్పాండెంటు మమ్మల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, నిజంగా మర్యాదగా, సోడా తెప్పించాడు.

"కొలువు ఇచ్చినట్టేనమ్మా. పేరు గూడ జ్యోతే ఉండనీ, నాకేం తక్లీఫ్ లేదు. గని జీతం లోకల్ టీచర్ది ఇస్త. సగానికి జర ఎక్కువ."

జనగామ వదిలాక, ఆ ఒక్క నినాదం తప్ప, జ్యోతి నా ముందు తెలుగు మాట్లాడింది అప్పుడే. "సార్, లిస్సీ గూడ నేనే గద."

"గది కేరళ రేటమ్మా."

నేను లేచాను. ఏం అనబోయానో ఇక్కడ రాయను, అచ్చు కాదు. జ్యోతి నా మోచెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"వద్దు మేడం. సోమవారం బండి నన్ను ఇడిచి పోవాలె. ముందుగాల గది కానియ్యుండ్రి. మిగిలింది నేను అడుగుత. పరీక్షలైనంక, ఫలితాలు సూపిచ్చి అడుగుత."

అని, కరస్పాండెంటు వైపు తిరిగి, సోమవారం పొద్దున ఏ గంటకు రావాలని అడిగింది. తెలుగులోనే అడిగింది, వాళ్లమ్మ యాసతోనే. ఆయన నవ్వలేదు. సగం జీతానికి వచ్చిన టీచర్ను చూసి ఎవరూ నవ్వరు.

నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చేటప్పుడు శిబిరం ముందు ఆగాను. కరస్పాండెంటు మళ్లీ మైకు దగ్గర ఉన్నాడు. మంచినీళ్లు తాగడానికి దిగినప్పుడు పట్టుకొని ఆ జీతం సంగతి అడిగాను. ఆయనకు కోపం రాలేదు. "రాష్ట్రం రానియ్యక్కా, అన్నీ అవే సర్దుకుంటయ్" అన్నాడు.

రాష్ట్రం రావాలి. అందుకే లింగాల ఘనపూర్ నడిరోడ్డు మీద నేనూ గొంతెత్తాను. కాని నేను ఆయన్ను అడిగింది రాష్ట్రం గురించి కాదు. చేతులెత్తిన ఆ ఆడవాళ్లు గాక ఆ ఊళ్లో ఎవరూ నా ప్రశ్న విననట్టే ఉన్నారు గనుక, ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను: అదే మనిషి, అదే గది, అదే పాఠం, కేరళ నుంచి వచ్చిందనుకున్నంతసేపూ నిండు జీతమున్న చదువు, దంతాలపల్లి నుంచి వచ్చిందని తెలియగానే సగానికి ఎందుకు పడిపోయింది?